ఒంటరి గుర్రం: చదరంగపు పలకపై ఏకాకి క్రీడ చరిత్ర

భారతీయ క్రీడల చరిత్రకు ఆధారాలు ఎక్కువగా లభించేది జూదం నుంచే. ఋగ్వేదంలోని జూదరి సూక్తం మొదలు కౌటిల్యుని అర్థశాస్త్రంలోని ద్యూతాధ్యక్షుని వరకు, ఆ తర్వాతి ధర్మశాస్త్రాల విధినిషేధాల వరకు, ఆటలను గురించి మన ప్రాచీనులు రాసి ఉంచినదానిలో అధికభాగం పందేలను గురించినదే. ఇద్దరు కూర్చుని ఆడితే గెలుపోటములుంటాయి. గెలుపోటములున్నచోట తగవు, తగవున్నచోట తీర్పు, తీర్పున్నచోట రాత తప్పవు. ఒక పిల్లవాడు అరుగు మీద సుద్దముక్కతో గళ్లు గీసుకుని, చింతగింజలు పేర్చుకుని, తనలో తాను ఆలోచించుకుంటూ ఆడే ఆటను ఏ ధర్మాధికారి పట్టించుకుంటాడు? దానిలో ఓడినవాడు లేడు, పోయిన సొమ్ము లేదు, సాక్షి అంతకంటే లేడు. అందువల్ల ఏకాకి క్రీడ మన చరిత్రలో దాదాపు కనిపించకుండా పోయింది.

మన ఆటల ప్రస్తావన వచ్చినప్పుడు వినిపించే పులిజూదం, అష్టాచెమ్మా, వైకుంఠపాళి, వామనగుంటలు అన్నీ ఇద్దరో నలుగురో ఆడేవే. వామనగుంటలనే తమిళులు పల్లాంకుళి అంటారు. దానిని ఒక్కరే ఆడుకునే పద్ధతికి వారు సీత పేరు పెట్టుకున్నారు. అశోకవనంలో సీతమ్మ ఆ విధంగా పొద్దు పుచ్చిందని అక్కడి ఐతిహ్యం. ఒంటరి ఆటకు జానపదుల ఊహ ఎంత ఉచితమైన నాయికను వెదుక్కున్నదో గమనార్హం. అయితే ఐతిహ్యం కాలనిర్ణయానికి పనికిరాదు. కాలం తెలిసి, ఎత్తు ఎత్తుకూ లిఖిత సాక్ష్యం ఉండి, వెయ్యేళ్లకు పైగా ఈ దేశంలో సాగిన ఏకాకి తర్కక్రీడ ఒకటి ఉన్నది. అదే చదరంగపు గుర్రం నడక.

ఆట నియమం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు. పలక మీద గుర్రం తప్ప మరే కాయా ఉండదు. ఆ గుర్రాన్ని దాని సహజమైన గెంతుతో, అంటే ఒక దిక్కుకు రెండు గడులు, దానికి అడ్డంగా ఒక గడి చొప్పున నడిపిస్తూ, ప్రతి గడినీ ఒక్కసారి, ఒకే ఒక్కసారి తొక్కించాలి. ఎదుటివాడు లేడు. తొక్కిన గడే ప్రత్యర్థి. మొదటి ఇరవై ముప్పై గెంతులు ఎవరైనా అవలీలగా వేస్తారు. ఆ తర్వాత ఎక్కడో మూలన ఒక గడి మిగిలిపోతుంది, గుర్రం అక్కడికి చేరలేదు. తప్పు ఆ మూలన జరగలేదనీ, ఎప్పుడో పదో గెంతులోనే జరిగిందనీ గ్రహించి వెనుకకు ఆలోచించడమే ఈ ఆట నేర్పే విద్య.

చతురంగం అనే మాటకు సేనలోని నాలుగు అంగాలని అర్థం. ఎనిమిది గడుల చొప్పున ఎనిమిది వరుసలున్న పలకను అష్టాపదం అనేవారు. 7వ శతాబ్దిలో బాణభట్టు హర్షచరితంలో, హర్షుని ఏలుబడిలో చతురంగాల కూర్పును నేర్పేవి అష్టాపదాలే అని శ్లేషించాడు. ఆ రాజ్యంలో యుద్ధాలు లేవని ఆయన చెప్పదలచినది. చదరంగ చరిత్రకారులకు ఆ చమత్కారమే ఒక ప్రధానాధారం అయింది. ఆనాటి పలకకు నేటివలె తెలుపు నలుపు గడులు లేవు. అన్ని గడులూ ఒకే రంగువి, కొన్నింటిలో మాత్రం గుర్తులుండేవి. ఈ సంగతితో మనకు తర్వాత పని పడుతుంది.

గుర్రం నడకకు భారతదేశంలో లభించే తొలి సాక్ష్యం ఆటల గ్రంథంలో లేదు, అలంకారశాస్త్రంలో ఉన్నది. 9వ శతాబ్దికి చెందిన కాశ్మీర ఆలంకారికుడు రుద్రటుడు తన కావ్యాలంకారంలో చిత్రకవిత్వాన్ని వివరిస్తూ తురగపదం, గజపదం, రథపదం అనే మూడు బంధాలకు ఉదాహరణలిచ్చాడు. జర్మన్ పండితుడు హెర్మన్ యాకోబీ 1896లో వీటి ప్రాముఖ్యాన్ని గుర్తించి చదరంగ చరిత్రకు అన్వయించాడు. నేడు తెలుగునాట ఏనుగుకు చెప్పే సూటి నడక ఆ రోజుల్లో రథానిదని, ఏనుగు నడక వేరని ఈ శ్లోకాల వల్లనే విదితమవుతుంది. మన ప్రస్తుతాంశం తురగపదం.

అనుష్టుప్ శ్లోకానికి నాలుగు పాదాలు, పాదానికి ఎనిమిది అక్షరాలు, మొత్తం ముప్పైరెండు. చదరంగపు పలకలో సగం కూడా సరిగ్గా ముప్పైరెండు గడులే. రుద్రటుడు పాదానికొక వరుసగా, గడికొక అక్షరంగా శ్లోకాన్ని పేర్చాడు. మామూలుగా ఎడమనుంచి కుడికి చదివితే ఒక శ్లోకం వస్తుంది. మొదటి గడిలో గుర్రాన్ని నిలిపి, అది గెంతిన క్రమంలో అక్షరాలను ఏరుకుంటూ చదివితే మళ్లీ అదే శ్లోకం వస్తుంది. ఆ గుర్రం గెంతిన వరుస ఇది:

1, 30, 9, 20, 3, 24, 11, 26
16, 19, 2, 29, 10, 27, 4, 23
31, 8, 17, 14, 21, 6, 25, 12
18, 15, 32, 7, 28, 13, 22, 5

మొదటి వరుస మొదటి గడి నుంచి రెండవ వరుస మూడవ గడికి, అక్కడి నుంచి మొదటి వరుస ఐదవ గడికి, ఇలా 1 నుంచి 32 వరకు అనుసరించి చూస్తే ఒక్క గెంతు కూడా నియమం తప్పలేదని తెలుస్తుంది.

ఈ శ్లోకాన్ని సాహిత్య దృష్టితో చూసినవారికి నిరాశే మిగులుతుంది. దాదాపు అంతా 'నా', 'లీ' అనే రెండక్షరాల పునరావృత్తి. అర్థం కోసం 11వ శతాబ్ది వ్యాఖ్యాత నమిసాధువు ఎంతో శ్రమపడవలసి వచ్చింది. కవికి మాటలు కరవైనాయా అనిపించడం సహజం. కాని పై పట్టికను దగ్గర పెట్టుకుని, కాగితం మీద ఒక చిన్న లెక్క వేసి చూస్తే సంగతి మరొకటి అని తేలుతుంది.

రెండు విధాల చదివినా శ్లోకం ఒకటే కావాలనుకుందాం. మామూలు వరుసలో రెండవ స్థానంలో ఉన్న గడిని గుర్రం 30వ గెంతులో తొక్కుతుంది. కనుక 2వ స్థానంలోని అక్షరమూ 30వ స్థానంలోని అక్షరమూ ఒకటే కావాలి. 30వ స్థానం అంటే నాలుగవ పాదంలో ఆరవ గడి. దానిని గుర్రం 13వదిగా తొక్కుతుంది. కనుక 13వ స్థానంలోనూ అదే అక్షరం ఉండాలి. 13 నుంచి 10కి, 10 నుంచి 19కి, 19 నుంచి 17కి, ఇలా ఈ గొలుసు సాగి సాగి పదిహేను స్థానాలను చుట్టి తిరిగి 2కు చేరుతుంది. ఆ పదిహేనింటిలో ఒకే అక్షరం తప్ప గత్యంతరం లేదు. 3తో ఆరంభించి చూస్తే 9, 16, 23, 25 మీదుగా మరో గొలుసు నడుస్తుంది. దానిలోనూ సరిగ్గా పదిహేను స్థానాలే. ఇక మిగిలినవి రెండు, 1వ స్థానం, 21వ స్థానం. మామూలు వరుసలోనూ గుర్రపు వరుసలోనూ సంఖ్య మారని గడులు పలక మొత్తం మీద ఈ రెండే. పదిహేను, పదిహేను, ఒకటి, ఒకటి కలిసి ముప్పైరెండు.

అంటే ఈ నడకను ఎంచుకున్న కవికి నాలుగుకు మించి వేర్వేరు అక్షరాలు వాడే వీలు లేదు. రుద్రటుడు సరిగ్గా నాలుగు వాడాడు. ఒక గొలుసు అంతటా 'నా', రెండవ గొలుసు అంతటా 'లీ', 1వ గడిలో 'సే', 21వ గడిలో 'లే'. శ్లోకంలోని పేదరికం కవిది కాదు, పలకది. గుర్రపు నడక ముప్పైరెండు స్థానాలను ఎన్ని గుంపులుగా విడదీస్తుందో తెలిసి, ఆ గుంపులకు అక్షరాలు పంచి, పంచిన అక్షరాలతో ఛందస్సును, అన్వయాన్ని సాధించాడు. ఈ గుంపులను నేటి గణితజ్ఞులు ప్రస్తార చక్రాలంటారు. రుద్రటుడు వాటికి పేరు పెట్టలేదు, సూత్రం చెప్పలేదు. అయితే వాటిని తెలియకుండా ఆ శ్లోకాన్ని కట్టడం ఎలాగో ఊహించడం కష్టం.

ఇంతటి పని మన సాహిత్య చరిత్రలో ఎందుకు మరుగున పడిందన్న ప్రశ్నకు జవాబు కూడా కాశ్మీరంలోనే, అదే శతాబ్దిలోనే ఉన్నది. అవంతివర్మ ఆస్థానంలోని ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో చిత్రం అసలు కావ్యం కాదని, కావ్యానికి అనుకరణమని తేల్చాడు. 11వ శతాబ్దిలో మమ్మటుడు దానిని కావ్యభేదాలలో కడపటి మెట్టున కూర్చోబెట్టాడు. 14వ శతాబ్దిలో విశ్వనాథుడు ప్రహేలిక రసానికి అడ్డు కనుక అది అలంకారమే కాదన్నాడు. కవిత్వం వరకు ఈ తీర్పులతో పేచీ లేదు. రుద్రటుడు సైతం ప్రహేలికాదులను కేవలం వినోదానికి ఉపయోగపడేవిగానే లెక్కించాడు. వచ్చిన చిక్కల్లా, కావ్యం కాదన్న తీర్పును తర్వాతివారు ఏమీ కాదన్న తీర్పుగా స్వీకరించడం. రసదృష్టి లేనిచోట తర్కదృష్టి ఉండవచ్చుననే ఆలోచన ఆలంకారికులకు రాలేదు. గణితజ్ఞులు అలంకార గ్రంథాలు తిరగవేయలేదు. రెండు శాస్త్రాల నడుమ గోడ మీద ఈ గుర్రం శతాబ్దాల తరబడి నిలబడిపోయింది.

రుద్రటుని నడకను సరిగ్గా అర్థం చేసుకుని ముందుకు తీసుకుపోయినవాడు వేదాంత దేశికులు. కాంచీపురం దగ్గరి తూప్పుల్‌లో 1268లో జన్మించిన ఈ విశిష్టాద్వైతాచార్యుడు శ్రీరంగనాథుని పాదుకలను వేయిన్ని ఎనిమిది శ్లోకాలలో స్తుతించాడు. పాదుకాసహస్రంలోని చిత్రపద్ధతిలో 929, 930 శ్లోకాలు ఒక జంట. మొదటి శ్లోకాన్ని పలక మీద పేర్చి గుర్రపు నడకతో చదివితే రెండవ శ్లోకం వస్తుంది. నడక రుద్రటునిదే, పట్టికలో ఒక్క సంఖ్య మారలేదు. మార్పు ఉన్నది ఆట నియమంలో. రెండు చదువులకూ ఒకే శ్లోకం రావాలన్న నిబంధనను దేశికులు సడలించి, రెండవ చదువులో వేరొక శ్లోకం రానిచ్చారు. ఆ నిబంధన పోగానే పదిహేనేసి గడుల గొలుసులు తెగిపోయాయి, అక్షరాలకు స్వేచ్ఛ లభించింది. అందువల్లనే ఆ శ్లోకాలు శ్లోకాల వలె వినిపిస్తాయి, భక్తులు నేటికీ పారాయణ చేస్తారు. ఒక చిక్కుముడికి పరిష్కారం లభించనప్పుడు ప్రశ్ననే కొంచెం మార్చి చూడడం తర్కక్రీడలలో ఉత్తమమైన ఎత్తుగడ. ఐదు శతాబ్దాల ఎడంలో ఒకే పలక ముందు కూర్చున్న ఇద్దరు పండితులలో రెండవవాడు చేసినది అదే.

కవిత్వం చాటు లేకుండా, ఆటగానే ఈ నడకను పేర్కొన్న గ్రంథం మన పొరుగున, దక్కనులోనే పుట్టింది. కల్యాణి చాళుక్య చక్రవర్తి మూడవ సోమేశ్వరుడు, భూలోకమల్లుడని బిరుదు పొందినవాడు, 1126 నుంచి 1138 వరకు పాలించాడు. ఆనాటికి అనుమకొండ కాకతీయులు ఆ చక్రవర్తులకు సామంతులు. రాజధాని కల్యాణి నేటి కర్ణాటకలోని బసవకల్యాణ్. 1948 వరకు నిజాం రాజ్యంలో భాగంగా ఉండేది. సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో కూర్చిన మానసోల్లాసంలో ఇరవై అధ్యాయాల చొప్పున ఐదు వింశతులున్నాయి. చివరిది క్రీడావింశతి. రాజ్యం సంపాదించడం, నిలుపుకోవడం, అనుభవించడం, వినోదించడం అన్నీ అయిన తర్వాత ఆఖరున ఆటలు వస్తాయి. ప్రభువుల ప్రాథమ్యాలు అలా ఉండేవి.

చదరంగ ప్రకరణంలో సోమేశ్వరుడు గుర్రం అరవైనాలుగు గడులూ తిరిగే నడకను చెప్పాడు. చెప్పిన తీరు ఎంతో ముచ్చటైనది. ఒక దిక్కు వరుసలకు హల్లులను, మరో దిక్కు వరుసలకు అచ్చులను కేటాయించి, రెండూ కలిసిన అక్షరాన్ని ఆ గడికి పేరుగా పెట్టాడు. అప్పుడు నడక మొత్తం ఒక అక్షరమాలగా మారిపోతుంది, కంఠస్థం చేస్తే చాలు. ఓనమాలు దిద్దిన ఏ తెలుగు బిడ్డకూ ఇది కొత్త కాదు. మన గుణింతాల పట్టిక అచ్చంగా ఇటువంటి పలకే. అడ్డంగా అచ్చులు, నిలువుగా హల్లులు, ప్రతి గడిలో రెండింటి కలయిక. గణితంలో నిరూపకాలని మనం పెద్ద తరగతులలో నేర్పేదానిని ఐదేళ్ల పసివారు గుణింతంలో రోజూ వల్లె వేస్తుంటారు. మానసోల్లాసం బరోడా గయక్వాడ్ ప్రాచ్య గ్రంథమాలలో మూడు సంపుటాలుగా వెలువడింది. మొదటిది 1925లో, ఆటల భాగమున్న మూడవది 1961లో వచ్చాయి. చదరంగ చరిత్రకు ప్రామాణికమని నేటికీ పరిగణించే హెచ్. జె. ఆర్. మర్రే గ్రంథం 1913 నాటిది. కల్యాణి గుర్రం పాశ్చాత్య చరిత్రలలో ఆలస్యంగా అడుగుపెట్టడానికి ఇదొక కారణం.

తర్వాతి కాలంలో, 17వ శతాబ్దిలో, నీలకంఠభట్టు భగవంతభాస్కరమనే ధర్మశాస్త్ర సంగ్రహంలోని నీతిమయూఖంలో చదరంగాన్ని చేర్చి గుర్రపు నడకలను శ్లోకాలలో ఇచ్చాడు. దాయభాగాలు, ప్రాయశ్చిత్తాలు నిర్ణయించిన చేతితోనే గుర్రాన్ని నడిపించడం ఒక వింత. దేశం వెలుపల, బాగ్దాదు పరిసరాలలో 9వ శతాబ్దికి చెందిన అల్‌-అద్లీ పేర ఒక నడక తర్వాతి అరబ్బీ వ్రాతప్రతులలో నిలిచి ఉంది. రుద్రటుడు ముందా అల్‌-అద్లీ ముందా అన్న వాదంలో మన దేశాభిమానం అప్పుడప్పుడు అవసరానికి మించి ఉత్సాహపడుతుంది. ఇద్దరూ ఒకే శతాబ్దివారు, ఇద్దరికీ ముందు పేరు తెలియని ఆటగాళ్లు ఎందరో ఉండి తీరాలి. ఐరోపాలో ఆయిలర్ 1759లో ఈ సమస్యను గణితంగా పరిశీలించాడు. 1823లో వార్న్స్‌డార్ఫ్ ఒక సులభసూత్రం చెప్పాడు: ఎక్కడి నుంచి ముందుకు దారులు తక్కువగా ఉన్నాయో ఆ గడికే మొదట వెళ్లాలి. మూలగడికి రెండే దారులు, నడుమ గడికి ఎనిమిది. కనుక ఇరుకైన చోట్లను ముందు ముగించి విశాలమైన వాటిని తర్వాతికి ఉంచుకోవాలి. గడువు దగ్గరపడిన దస్త్రాన్ని ముందు చూడమనే కార్యాలయ నీతి కూడా ఇంతకంటే వేరు కాదు.

మైసూరు ప్రభువు ముమ్మడి కృష్ణరాజ ఒడెయరు (1794-1868) కథ ఈ చరిత్రలో కొంత విషాదం కలిగిన ఘట్టం. 1831లో ఆంగ్లేయులు ఆయన నుంచి పరిపాలనను స్వాధీనం చేసుకుని కమిషనర్ల చేతికిచ్చారు. రాజు రాజుగానే ఉన్నాడు, రాజ్యం మాత్రం చేతిలో లేదు. మిగిలిన ముప్పైయేడేళ్ల జీవితంలో సంగీతసాహిత్యాలతో పాటు ఆటల పరిశోధనకు ఆయన ఎంతో కాలం వెచ్చించాడు. ఆయన పేర వెలసిన శ్రీతత్త్వనిధి అనే సచిత్ర మహాగ్రంథంలోని తొమ్మిది నిధులలో కౌతుకనిధి ఆటలకు సంబంధించినది. 1 నుంచి 64 వరకు గుర్రం గెంతిన వరుసలో అంకెలు వేస్తే, అడ్డంగా ఏ వరుస కూడినా, నిలువుగా ఏ వరుస కూడినా 260 వచ్చే నడక ఒకటి ఆయన పేర ప్రసిద్ధమైంది. ఇంగ్లండులో విలియం బెవర్లీ ఇటువంటి నడకను 1848లో ప్రకటించాడు. గుర్రం నడక ఒక చిక్కు, మాయాచతురస్రం మరొక చిక్కు. రెండింటినీ ఒకే పలక మీద ఇమడ్చడం ఎంతటి ఏకాగ్రతను కోరుతుందో ప్రయత్నించినవారికే తెలుస్తుంది. సేనలు లేని రాజు ఒక్క గుర్రంతో పలకనంతా జయించాడని కవులెవరైనా అని ఉంటే అతిశయోక్తి అనలేము.

రెండు కర్ణాలూ కూడా 260 ఇచ్చే నడక ఉందా అన్న ప్రశ్న ఆ తర్వాత నూరేళ్లకు పైగా తేలలేదు. 2003 ఆగస్టులో కంప్యూటర్లతో సమస్తమైన అవకాశాలనూ వెదికి, వరుసలు సరిపోయే నడకలు మౌలికంగా 140 ఉన్నాయని, వాటిలో ఒక్కదానికీ రెండు కర్ణాలు కుదరవని నిర్ధారించారు. ఎనిమిదికి ఎనిమిది పలక మీద బయలుదేరిన గడికే గెంతి చేరగలిగే చుట్టునడకలు మొత్తం ఎన్ని అన్నది 1997లో బ్రెండన్ మకే గణించాడు. ఆ సంఖ్య 1,32,67,36,44,10,532. పదమూడు లక్షల కోట్లకు పైమాటే. ఇన్ని దారులుండి కూడా మొదటిసారి కూర్చున్నవారికి ఒక్కటీ దొరకకపోవడం ఈ ఆటలోని చిత్రం.

తెలుగువారికి ఈ సంప్రదాయంతో ఉన్న చుట్టరికం బంధకవిత్వం మీదుగా, అంతకంటే దగ్గరగా అవధానం మీదుగా వచ్చింది. చక్ర, పద్మ, నాగ, ఖడ్గ బంధాలు మన ప్రబంధాలలో విరివిగా ఉన్నాయి. గణపవరపు వేంకటకవి ప్రబంధరాజ వేంకటేశ్వర విజయవిలాసం ఈ విద్యకు పుట్టిల్లని పేరు పొందింది. మన ఆధునిక విమర్శ వీటిని కసరత్తులని తోసిపుచ్చింది. ఆనందవర్ధనుని తీర్పే మరో గొంతుతో వినిపించింది. అవధానం మాత్రం ప్రజల మధ్య బతికింది. పూర్వపు అష్టావధానాలలో చదరంగం ఆడడం కూడా ఒక అంశంగా ఉండేది. వ్యస్తాక్షరి అనే అంశంలో పృచ్ఛకుడు ఒక వాక్యంలోని అక్షరాలను వరుస తప్పించి, ఇది ఏడవది, ఇది ఇరవయ్యొకటవది అని అంకె మాత్రం చెప్పి, నడుమ నడుమ విసురుతుంటాడు. అవధాని వాటన్నింటినీ మనసులోని గడులలో దాచుకుని చివరకు వాక్యాన్ని పొందికగా అప్పగిస్తాడు. రుద్రటుని పలకకూ ఈ వేదికకూ తేడా ఒక్కటే. అక్కడ పలక కంటికి కనిపిస్తుంది, ఇక్కడ కనిపించదు. అవధానం ఎనిమిదిమంది పృచ్ఛకుల ఎదుట జరిగే సభావిద్యే అయినా, అవధాని తలలో జరిగేది నిఖార్సయిన ఒంటరి ఆట.

ఇదంతా పండితుల, ప్రభువుల చరిత్ర. పిల్లలు దీనిలో ఎక్కడా పేరుతో కనిపించరు. అయినా ఈ ఆటకు కావలసిన సరంజామా చూస్తే ఇది ఎవరి అందుబాటులో ఉండేదో అర్థమవుతుంది. ముప్పైరెండు కాయలు అక్కరలేదు, కొండపల్లి కొయ్యబొమ్మలంత నగిషీ అక్కరలేదు, తోడు అసలే అక్కరలేదు. ఒక పలక, ఒక బలపం చాలు. నేడు మన బడులలో చదరంగ శిక్షణకు ఆదరణ పెరిగింది. పోటీలు, పతకాలు, శ్రేణులు వచ్చాయి. పోటీలో ఓడి వెనుకబడిన బిడ్డకు పనికివచ్చే ఈ ఏకాకి ఆటకు మాత్రం పాఠ్యపుస్తకంలో ఒక పుట దొరకడం లేదు. ఆటస్థలం లేని బడికి, ఏకోపాధ్యాయ పాఠశాలకు ఇంతకంటే చవకైన తర్కశాల మరొకటి ఉంటుందని నేననుకోను.

నేర్పే క్రమం కూడా ఆటలోనే ఉన్నది. మూడుకు మూడు గడుల పలకతో మొదలుపెడితే నట్టనడిమి గడికి గుర్రం ఎన్నడూ చేరలేదని బిడ్డ వెంటనే పట్టుకుంటుంది. నాలుగుకు నాలుగు పలక కొంత సేపు మోసగిస్తుంది. దానిలో ఎదురెదురు మూలలు రెండింటికీ దారితీసే గడులు రెండే, అవీ రెండు మూలలకూ ఉమ్మడివే. ఎన్ని విధాల ప్రయత్నించినా పదహారు గడులూ పూర్తికావు. ఇక్కడ బిడ్డ నేర్చుకునేది ఒక పెద్ద సంగతి: చేతకాకపోవడం వేరు, సాధ్యం కాకపోవడం వేరు. ఐదుకు ఐదు పలక మీద ఆట సాధ్యమే. ఆరంభం, దిశ లెక్కలోకి తీసుకుంటే 1728 నడకలున్నాయి. కాని మూలగడి నుంచి బయలుదేరితే దొరికే నడక, దాని పక్క గడి నుంచి బయలుదేరితే ఎంతకూ దొరకదు. ఎందుకో తెలియాలంటే ఒకటి విడిచి ఒకటి గడులకు రంగు పూయాలి. గుర్రం ప్రతి గెంతులో రంగు మారుస్తుంది. ఇరవైఐదు గడులలో మూల రంగువి పదమూడు, రెండవ రంగువి పన్నెండు. పన్నెండున్న రంగుతో మొదలుపెడితే చివరకు ఒక గడి మిగలక తప్పదు. రంగుల్లేని అష్టాపదం మీద ఆడిన మన పూర్వులకు ఈ రహస్యం కంటికి కనిపించే వీలు లేదు. తెలుపు నలుపు పలక వచ్చిన తర్వాత పుట్టిన పిల్లలకు అది చూపుడువేలి దూరంలో ఉన్నది.

తర్వాత రుద్రటుని పలకకు రావచ్చు. నాలుగు వరుసల పలక మీద బయలుదేరిన గడికే తిరిగి చేరే చుట్టునడక అసాధ్యం. అందువల్ల ఆ నడక మూలగడిలో మొదలై కింది వరుస మూడవ గడిలో ముగుస్తుంది. ఆ మూడవ గడిలో ఉన్న గుర్రానికి పలక కింద మరో నాలుగు వరుసలున్నట్లయితే తర్వాతి గెంతు ఎక్కడ పడుతుందో చూడమని బిడ్డను అడగాలి. ఎడమకు రెండు, కిందికి ఒకటి. అది కింది పలకలోని మొదటి గడి. రుద్రటుడు పై సగంలో గుర్రాన్ని నిలిపిన గడి కూడా సరిగ్గా అదే. కనుక ఒక బిడ్డ పలక కింద మరో బిడ్డ పలకను ఆనించి, అదే నడకను 33 నుంచి మళ్లీ వేసుకుంటూ పోతే, గుర్రం ఎక్కడా ఆగకుండా అరవైనాలుగవ గడికి చేరుతుంది.